నాన్న గొంతుతో ఇంకొకడు

ఈ ఉదయం ఆయన ఒక ఎలుగుబంటికి గొంతు ఇచ్చాడు. పిల్లల కార్టూను. తేనెపట్టు దొరకలేదని ఎలుగుబంటి దిగులుపడే సన్నివేశం, నాలుగే వాక్యాలు. మూడు టేకులు అయ్యాక అద్దం అవతలి నుంచి సౌండ్ ఇంజనీరు మైకు నొక్కి, "బాబాయ్, నీ ఎలుగు తేనె దొరక్క ఏడుస్తున్నట్టు లేదు. తేనెటీగల ఇంటి అడ్రసు కనుక్కుని వాటి వెంట పడేట్టుంది," అన్నాడు. ఆయన నవ్వలేదు. గోరువెచ్చని నీళ్లు ఒక గుక్క తాగి, గొంతు కాస్త పైకి లేపి మళ్లీ చెప్పాడు. నాలుగోది పనికొచ్చింది.

డబ్బింగ్ థియేటర్లో అందరూ ఆయన్ని గుసగుస బాబాయ్ అంటారు. అరవైకి దగ్గర పడ్డ పొట్టి మనిషి, నున్నటి బట్టతల, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు లవంగాలు. తెర మీద ఆయన గొంతుతో తిరిగినవాళ్లంతా ఆరడుగుల అందగాళ్లు. వాళ్లలో ఒక్కరూ ఆయన్ని చూసి ఎరగరు.

మొదట్లో చాలా ఏళ్లు ఆయన గుంపులో గొంతు. సంతలో అరిచేవాడు, రైలు తప్పిపోయినవాడు, "పట్టుకోండి, పట్టుకోండి" అని పరుగెత్తే పదిమందిలో ఒకడు. ఒకరోజు అసలు కళాకారుడు రాలేదు. తాత్కాలికంగా ఎవరో ఒకరు చెప్పండి అంటే ఈయన్ని మైకు ముందు నిలబెట్టారు. ఒక అమ్మాయి కిటికీ కింద నిలబడి ఒకడు ఆమెతో మాట్లాడే సన్నివేశం. ఈయనకు ఆ రోజు జలుబు, గొంతు లేవదు. అరవాల్సిన మాటలన్నీ గుసగుసగా చెప్పాడు. దర్శకుడు అద్దం గదిలోంచి లేచి బయటకు వచ్చి, "ఇన్నాళ్లూ ఈ మనిషిని ఎక్కడ దాచారయ్యా," అన్నాడు.

అప్పట్లో ఆ రకం సినిమాలు వరుసగా వస్తున్నాయి. ప్రేమ అని మొదలై ప్రాణం మీదికి తెచ్చే సినిమాలు. ఎక్కడెక్కడి భాషల్లోనో తీస్తారు, గొంతులు ఇక్కడ మారుస్తారు. అమ్మాయి వెంటపడే ప్రతివాడికీ గుసగుస బాబాయే కావాలి. కొత్తగా పనికి వచ్చినవాళ్లకు ఆయన పాఠం చెప్పేవాడు. "కథ కోసం బుర్ర బద్దలు కొట్టుకోకండి. అరగంట పూలు, అరగంట ఫోను, ఆ తర్వాత చీకట్లో మెట్లు. చివర్లో వాడు చస్తాడు. చచ్చేదాకా సినిమా వాడిదే."

ఇంకో కిటుకు కూడా చెప్పేవాడు. ఊపిరి మాటకు ముందు వదిలితే భయపడ్డవాడు. మాట అయ్యాక వదిలితే భయపెట్టేవాడు. అంతే తేడా.

ఈ గొంతుతోనే ఇల్లు గడిచింది. రెండో అంతస్తులో మూడు గదుల వాటా. ముందు గదిలో భార్య కుట్టుమిషను. ఒక్కతే కూతురు. ఆ ఇంట్లో ఆ గొంతుకు ఎవరూ భయపడలేదు, అది ఇంటి పరాచికం. పొద్దున్నే కూతురి మంచం పక్కన వంగి, "లేవలేదా... సరే. నేనిక్కడే ఉన్నాను," అనేవాడు. దుప్పట్లోంచి జవాబు వచ్చేది: "హీరోయిన్ నిద్రపోతోంది. విలన్‌ని ముందు పళ్లు తోముకుని రమ్మనండి." చదువుకునే రోజుల్లో స్నేహితురాళ్లకు ఫోన్ చేసి, ఒక్క డైలాగ్ చెప్పమని తండ్రి నోటి దగ్గర పెట్టేది. అవతల కెవ్వుమంటే ఇద్దరూ పడీ పడీ నవ్వేవాళ్లు. మిషను దగ్గర నుంచి తల్లి, "తండ్రీ కూతుళ్లు కలిసి ఎవరి గుండె ఆపుతారో ఏమో," అని విసుక్కునేది.

నాలుగేళ్ల కిందట వచ్చిన ఒక సినిమా విరగబడి ఆడింది. అందులో వాడు అమ్మాయికి ఫోన్ చేసి, "తలుపు వేసుకో. నేను లోపలే ఉన్నాను," అంటాడు. చిన్న మాటే. కానీ బస్టాపుల్లో, కాలేజీ గేట్ల దగ్గర కుర్రాళ్లు దాన్ని ఒకళ్ల చెవిలో ఒకళ్లు చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. కొందరు ఫోన్ మోతగా పెట్టుకున్నారు. ఆయన బస్సులో కూర్చుని తన గొంతు ఎవరి జేబులోంచో వినిపిస్తే కిటికీ వైపు తిరిగి ముసిముసిగా నవ్వుకునేవాడు.

కూతురు అప్పటికే కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తోంది. అద్దాలు ఫ్రేములో బిగించే ముందు రెండు కనుపాపల మధ్య దూరం కొలవాలి. దానికి చిన్న స్కేలు ముక్కు మీద ఆనించి, "కదలకండి, నా కళ్లలోకి చూడండి," అనాలి. ముసలివాళ్లకు, పిల్లలకు, తొందరలో ఉన్నవాళ్లకు, రోజూ వచ్చే ప్రతి ఒక్కరికీ చెప్పే మాటే. ఒకడు మాత్రం అది తనకే చెప్పింది అనుకున్నాడు.

కళ్లజోడు తీసుకున్నాక కూడా వస్తూనే ఉన్నాడు. స్క్రూ వదులైందని ఒకసారి, ఎక్కువ బిగిసిందని ఇంకోసారి. దుకాణంలో ఆడపిల్లలు అతనికి స్క్రూ అని పేరు పెట్టారు. "నీ స్క్రూ వచ్చాడే," అంటే ఈమె వెనక గదిలోకి వెళ్లిపోయేది. మొదట్లో అందరికీ నవ్వులాటే. కళ్లజోడు సిద్ధమైందని కబురు ఈమె ఫోన్ నుంచే వెళ్లింది కాబట్టి అతని దగ్గర నంబరు ఉంది. ఒకరోజు ఆ నంబరుకు గొంతు రికార్డు చేసి పంపాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆమె ఫోన్ బల్ల మీద పెట్టి వినిపించింది.

"నా కళ్లలోకి చూడమన్నావు. చూశాను. ఇప్పుడు నువ్వు చూడటం లేదు. తలుపు వేసుకో. నేను లోపలే ఉన్నాను."

తల్లి ఏదో అనబోతే ఆయన చెయ్యెత్తి ఆపాడు. "ఇంకోసారి పెట్టమ్మా," అన్నాడు. రెండోసారి కళ్లు మూసుకుని విన్నాడు. కూతురు ఆయన ముఖం వైపే చూస్తోంది. ఆయన కళ్లు తెరిచి నవ్వాడు.

"గట్టివాడే. ఊపిరి కూడా నా దగ్గరే కొట్టేశాడు."

"నాన్నా, నాకు భయంగా ఉంది."

"దేనికి అమ్మడూ? వీడి దగ్గర సొంత సరుకు ఏమీ లేదు. నిజంగా పిచ్చి ముదిరినవాడు ఇంత శుభ్రంగా మాట్లాడతాడా? తడబడతాడు, ఏడుస్తాడు, మధ్యలో ముక్కు చీదుతాడు. ఇది ఉత్త కాపీ. వీడు అద్దం ముందు నిలబడి వందసార్లు సాధన చేసి ఉంటాడు, పాపం."

"పాపమా?" అంది తల్లి.

"మాటవరసకి అన్నానులే. అది నాకు పంపు అమ్మడూ, రేపు చూస్తాను."

ఎవరైనా పెద్దవాళ్లకు వినిపించి ఏదైనా చేస్తాడని కూతురు పంపింది. మర్నాడు టీ విరామంలో ఆయన దాన్ని థియేటర్లో వినిపించాడు. అందరూ గుమిగూడారు. సౌండ్ ఇంజనీరు మళ్లీ మళ్లీ వేయించుకుని విని, "బాబాయ్, నీకు వారసుడు దొరికాడు. ఈసారి నీకు జలుబు చేస్తే ఇతన్నే పిలిపిద్దాం," అన్నాడు. ఆ మాట ఆయన ఇంటికి తెచ్చి భోజనాల దగ్గర చెప్పాడు. నవ్వుతూ చెప్పాడు.

కూతురు నవ్వలేదు. "అందరికీ వినిపించావా?" అంది.

"అందరూ ఎవరు, మనవాళ్లే కదా."

ఆమె కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత వచ్చిన రికార్డింగులు ఆయనకు వినిపించలేదు. తల్లికి వినిపించింది. వాటిలో ఆమె ఏ రంగు బట్టలు వేసుకుందో, ఏ బస్సు ఎక్కిందో ఉంది. వీధి చివర ఏ కొట్లో ఏం కొనుక్కుందో కూడా ఉంది.

ఒక సోమవారం ఆమె తండ్రి దగ్గరకు వచ్చి, "పోలీసు స్టేషనుకు వెళ్దాం నాన్నా. నువ్వు కూడా రా. నువ్వు వచ్చి చెబితే వింటారు," అంది.

"శుక్రవారం సినిమా విడుదల ఉంది. సగం రీళ్లు ఇంకా నా నోట్లోనే ఉన్నాయి. శనివారం నేనే తీసుకెళ్తాను," అన్నాడు ఆయన.

భార్య మిషను ఆపింది. "మీరు సినిమా చూస్తున్నారా, కూతుర్ని చూస్తున్నారా? పూల తర్వాత ఫోను, ఫోను తర్వాత ఏమొస్తుందో ఊరందరికీ పాఠం చెప్పేది మీరే కదా?"

"అది సినిమా."

"అదే నేనూ అంటున్నాను."

తల్లీ కూతుళ్లు ఇద్దరే వెళ్లారు. అక్కడ బల్ల వెనక కూర్చున్నాయన రికార్డింగు విని, "ఇది ఆ సినిమాలోది కదమ్మా?" అన్నాడు. కూతురు దాచలేదు, ఆ సినిమాలో గొంతు మా నాన్నదే అని చెప్పింది. పోలీసాయన కుర్చీలో వెనక్కి వాలి, "అయితే ఇంట్లోనే నిపుణుడు ఉన్నాడన్నమాట. మరి ఆయనేమంటున్నాడు?" అని అడిగాడు. తల్లి కూతురి వైపు చూసింది. కూతురు ఫోన్ తీసి సంచిలో పెట్టుకుంది. అతని నంబరు రాసుకుని, పిలిచి మందలిస్తామని చెప్పి పంపించారు.

గురువారం దీపాలు పెట్టే వేళకు ఆమె పని నుంచి వచ్చింది. మెట్ల మలుపులో బల్బు తీసేసి ఉంది. అతను అక్కడ నిలబడ్డాడు. పెనుగులాటలో ఆమె మలుపు నుంచి కిందదాకా పడిపోయింది. ఎడమ తుంటి విరిగింది, ముంజేయి విరిగింది. కింది వాటావాళ్లు తలుపు తీసుకుని వచ్చి అతన్ని పట్టుకున్నారు. అతను పారిపోవడానికి చూడలేదట. గోడకు ఆనుకుని ఆమెకేదో చెబుతూనే ఉన్నాడట.

ఆ సమయానికి ఆయన మైకు ముందు ఉన్నాడు, ఫోన్ బయట బల్ల మీద పెట్టి. రీలు అయ్యేదాకా ఎవరూ తలుపు తీయలేదు.

ఆస్పత్రిలో ఆపరేషను అయ్యాక లోపలికి పంపారు. అలాంటి చోట ఎవరైనా గొంతు తగ్గించే మాట్లాడతారు. ఆయన కూడా మంచం పక్కన వంగి, "అమ్మడూ," అన్నాడు.

ఆమె ఒళ్లంతా బిగుసుకుపోయింది. బాగున్న చేత్తో దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. కళ్లు తెరిచి ఆయన్నే చూస్తోంది, తండ్రి అని తెలుస్తూనే ఉంది. అయినా దుప్పటి వదల్లేదు. నర్సు వచ్చి ఆయన్ని పక్కకు జరగమంది. కాసేపటికి కూతురే అంది: "కోపం కాదు నాన్నా. నువ్వు ఉండు. మాట్లాడకు."

అప్పటి నుంచి ఆయన కూతురి ముందు తన సొంత గొంతుతో మాట్లాడలేదు.

ఇంటికి తెచ్చాక మొదట్లో వేరే గొంతులు ప్రయత్నించాడు. ముసలమ్మ పాత్రలకు చెప్పే సన్నటి గొంతుతో, "మందు వేసుకున్నావా," అన్నాడొకసారి. భార్య వంటగదిలోంచి వచ్చి, "ఆ వేషాలు ఆపండి. పిల్ల ఇంకా బెదిరిపోతోంది," అంది. తర్వాత పక్క గదిలో కూర్చుని ఫోన్లో సందేశం పంపడం మొదలుపెట్టాడు. మందు వేసుకున్నావా. వేసుకున్నాను నాన్నా. నొప్పి ఎలా ఉంది. తగ్గింది. మధ్యలో ఒక గోడే అడ్డం. "ఒకే ఇంట్లో ఉత్తరాలు రాసుకుంటున్నారు. తపాలా బిళ్ల అంటించలేదే," అని భార్య ఎత్తిపొడిచేది. అని, మిషను మీదికి వంగిపోయేది. చాలాసేపు కుట్టేది కాదు.

ఆమె కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాక కేసు విచారణకు వచ్చింది. అతను తలకు నూనె రాసుకుని, శుభ్రంగా దువ్వుకుని, అదే కళ్లజోడు పెట్టుకుని వచ్చాడు. గుసగుస బాబాయ్ వెనక బెంచీలో కూర్చున్నాడు. నిందితుడి తరపు లాయరు కూతుర్ని అడిగాడు: "మలుపులో ఎవరో ఉన్నారని మీకు తెలిసింది. మాట వినిపించింది అంటున్నారు. కింద వాటాల్లో మనుషులున్నారు. వెనక్కి ఎందుకు పరుగెత్తలేదు? ఇంకా రెండు మెట్లు పైకి ఎక్కారట, ఎందుకు?"

ఆమె కర్ర రెండో చేతిలోకి మార్చుకుంది. జడ్జి మంచినీళ్లు ఇప్పించాడు.

"ఆ గొంతు విని మా నాన్న అనుకున్నాను," అంది. "ఆట పట్టిస్తున్నాడనుకున్నాను. అలసిపోయి ఉన్నాను. చాలు నాన్నా అని పైకి ఎక్కాను."

ఈ సంగతి ఆమె అంతకుముందు ఇంట్లో చెప్పలేదు. పోలీసులకు రాసిచ్చింది, అంతే. బెంచీలో ఆయన పక్కన కూర్చున్న భార్య ఆయన వైపు తిరగలేదు, ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి విచారణ ముగిసేదాకా తీయలేదు.

అతనికి మూడేళ్లు శిక్ష పడింది.

ఆ తర్వాత ఆయన అలాంటి పాత్రలు మానేశాడు. విరగబడి ఆడిన సినిమాకు రెండో భాగం వచ్చినప్పుడు నిర్మాత మనిషి ఇంటికే వచ్చాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. "మీరు లేకపోతే ఎలా బాబాయ్, ఆ గొంతు జనానికి అలవాటైపోయింది," అన్నాడతను. ఇంకో కుర్రవాణ్ని పెట్టి చెప్పించుకున్నారు. ఆ కుర్రవాడు ఊపిరి సరిగ్గా మాట అయ్యాకే వదిలాడు. ఎవరికీ తేడా తెలియలేదు. సినిమా ఆడింది. మొదటి భాగాన్ని మళ్లీ టీవీలో వేశారు. ఆయన మానేసిన గొంతు ఊళ్లో ఏ ఇంట్లో కావాలంటే ఆ ఇంట్లో మాట్లాడుతూనే ఉంది. చిన్న చిన్న పనులు మిగిలాయి. మందుల ప్రకటనలు, కార్టూన్లలో జంతువులు. వచ్చే ఆదాయం మునుపటిదాంట్లో సగం కూడా లేదు.

కిందటేడు కూతురు వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకుంది. అద్దాలు అరగదీసే కార్ఖానా. లోపలి గదిలో యంత్రం ముందు పని, ఎవరి కళ్లలోకీ చూడక్కర్లేదు. అతను విడుదలయ్యే లోపు ఈ వీధిలోంచి వెళ్లిపోవాలన్నది ఆమె పట్టుదల. తల్లిదండ్రులు కాదనలేదు.

బయల్దేరే ముందు రోజు మధ్యాహ్నం పెట్టె సర్దుతూ ఆమె తండ్రిని పిలిచింది. మంచం మీద చోటు చూపించి కూర్చోమంది. తను ఎదురుగా కుర్చీలో కూర్చుంది. కర్ర ఒళ్లో పెట్టుకుంది.

"ఏదైనా మాట్లాడు నాన్నా," అంది.

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె గుమ్మంలో నిలబడి, మాట్లాడండి అన్నట్టు తల ఊపింది.

"ఏం మాట్లాడను?" అన్నాడు. చాలా కాలం తర్వాత ఆ గదిలో ఆయన గొంతు. అరిగిపోయినట్టుంది.

"ఏదైనా. రేపటి బస్సు గురించి చెప్పు."

ఆయన మొదలుపెట్టాడు. ప్రతి మాటకూ ముందు ఊపిరి వదులుతున్నాడు. "బస్సు ఏడింటికి. నేను ముందే వెళ్లి సీటు చూస్తాను. డ్రైవరు వెనక వరస అయితే కాలు చాపుకోవచ్చు. మెట్టు ఎత్తుగా ఉంటుంది, కుడికాలు ముందు పెట్టు. ఆకలేస్తే..."

కూతురు వింటోంది. కర్రను పట్టుకున్న వేళ్లు తెల్లగా అయిపోయాయి. పెదవులు గట్టిగా అదిమిపెట్టింది. పారిపోకుండా కూర్చోవడానికి ఆమె పడుతున్న కష్టం ఆయనకు కనిపిస్తూనే ఉంది. అయినా చెప్పమన్నది కాబట్టి చెబుతున్నాడు. ఆకలేస్తే ఏం చేయాలో చెప్పబోతుండగా ఆమె చెయ్యెత్తింది.

"ఈ రోజుకి ఇంతే నాన్నా. ఇంక నా వల్ల కాదు."

ఆయన ఆగిపోయాడు. ఆమె ఏడ్చింది. ఆయన దగ్గరకు వెళ్లి తల మీద చెయ్యి వేయబోయి, వేయవచ్చా అన్నట్టు చూశాడు. ఆమె తనే తల వంచి ఆ చేతి కింద పెట్టింది.  తర్వాత లేచి, పెట్టె మూత మూయడానికి ఆయన ఒక పక్క అదిమితే ఆమె రెండో పక్క తాళం వేసింది.

మర్నాడు బస్సు దగ్గర ఆయన సీటు చూశాడు, పెట్టె పైన పెట్టాడు, కిటికీ అవతల నిలబడ్డాడు. తోటి ప్రయాణికురాలు ఒకామె, "మీ నాన్నగారికి మాట రాదా అమ్మా?" అని అడిగిందట. కూతురు, "వస్తుంది," అందట.

ప్రతి ఆదివారం సాయంత్రం ఆమె తల్లికి ఫోన్ చేస్తుంది. తల్లి ఫోన్ స్పీకరులో పెట్టి మిషను బల్ల మీద ఉంచుతుంది. ఆయన ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుని వింటాడు. దగ్గు వస్తే లేచి వంటగదిలోకి వెళ్లి దగ్గి వస్తాడు. కిందటి ఆదివారం ఆమె కొత్త యంత్రం గురించి చెప్పింది, తుంటినొప్పి చలికి కాస్త ఎక్కువైందని చెప్పింది, నాన్న ఎలా ఉన్నాడని అడిగింది. బాగున్నాడని తల్లి చెప్పింది. పదకొండు నిమిషాలు మాట్లాడారు.